కొంగు వచ్చే ఏడాది

నిరుటి దసరాకు మా మేనల్లుడికి ఒక ఫైటింగ్ గేమ్ కొనిపెట్టాను. దాని పేరు గాని, చేసినవారి పేరు గాని ఇక్కడ రాయను. రాసినా లాభం లేదు, మీరు ఈ వ్యాసం చదివే వేళకు ఆ పేరు వెనుక మరో రెండు విశేషణాలు వచ్చి చేరి ఉంటాయి. ఈ దసరాకు వాడు ఎన్నడూ లేనంత మర్యాదగా నా పక్కన చేరి, "మావయ్యా, అది పాతబడిపోయింది. ఇప్పుడు పూర్తిది వచ్చింది" అన్నాడు. నాకు చాలాసేపు నోట మాట రాలేదు. పూర్తిది ఇప్పుడు వచ్చిందంటే, నిరుడు నేను పూర్తి ధర పెట్టి కొన్నది ఏమై ఉంటుంది?

ఇంతటి తాత్త్విక ప్రశ్నను పిల్లవాడి మారాంగా కొట్టిపారేయడం సబబు కాదని తలచి, ఈ ఆటల వంశచరిత్రను మొదటి నుంచీ పరిశీలించాను. 1991లో జపాను సంస్థ కాప్‌కామ్ 'స్ట్రీట్ ఫైటర్ 2'ను విడుదల చేసింది. 1992లో దాని ఛాంపియన్ ఎడిషన్ వచ్చింది. అంతవరకు యంత్రం తరఫున మాత్రమే తన్నే నలుగురు పెద్ద రౌడీలను మనం కూడా ఆడించే భాగ్యం అందులో కలిగింది. ఆ ఏడాది చివరనే హైపర్ ఫైటింగ్ వచ్చింది. అందులో అదే మనుషులు అవే దెబ్బలు మరింత తొందరగా కొట్టుకుంటారు. 1993లో సూపర్, 1994లో సూపర్ టర్బో. మూడో భాగం మాత్రం 1997 దాకా రాలేదు. రెండు తర్వాతి అంకె మూడు అని తేల్చుకోవడానికి ఆ సంస్థలోని మేధావులకు ఆరేళ్ళు పట్టిందన్నమాట. అక్కడితో రెండో భాగానికి కర్మకాండ ముగిసిందని అనుకునేరు. 2017లో అది మళ్ళీ లేచి వచ్చింది, ఈసారి పేరులో 'ఫైనల్' అనే మాట తగిలించుకుని. బాకీదారుడు "ఇదే ఆఖరు వాయిదా" అన్నప్పుడు మనం నమ్మినంతే దీన్నీ నమ్మాలి.

కాప్‌కామ్ ఒక్కటే పాపాత్మురాలని చెప్పడం అన్యాయం. 'గిల్టీ గేర్ ఎక్స్ ఎక్స్ యాక్సెంట్ కోర్ ప్లస్ ఆర్' అని మరో సంస్థ ఆట ఒకటి ఉంది. అది పేరు కాదు, సంకల్పం. ఆచమనం చేసి గాని పలకరాదు. అయినా వేగం విషయంలో కాప్‌కామ్‌ను మించినవారు లేరనే చెప్పాలి. 'మార్వెల్ వర్సెస్ కాప్‌కామ్ 3' 2011 ఫిబ్రవరిలో వచ్చింది, పన్నెండుగురు కొత్తవాళ్ళతో 'అల్టిమేట్' నవంబరులో వచ్చింది. సరిగ్గా నవమాసాలు నిండాయి, తల్లీబిడ్డా క్షేమం, కొన్నవాడి సంగతి ఎవరూ అడగలేదు.

అయితే ఒకప్పుడు ఈ పునర్జన్మలకు నిజమైన కారణం ఉండేదని ఒప్పుకోవాలి. మా బరంపురంలో, బడాబజారు వైపు, ఒక వీడియో గేమ్ పార్లరు ఉండేది. దాన్ని నడిపే ఒడియా ఆయనను మేం తెలుగు పిల్లలమంతా 'భాయినా' అని పిలిచేవాళ్ళం. ఆ రోజుల్లో ఆట అంటే యంత్రంలో బిగించిన ఒక బోర్డు. అందులో ఒక మనిషికి బలం ఎక్కువై పోయినా, ఇంకొకడు ఎందుకూ కొరగాకుండా పోయినా, దూరాన ఉండి సరిదిద్దే దారి లేదు. బోర్డునో, దానిలోని చిప్పులనో మార్చవలసిందే. పైగా దొంగ బోర్డులు పుట్టుకొచ్చాయి. వాటిలో పోట్లాట మధ్యలోనే మనిషిని మార్చవచ్చు, నిప్పుముద్దలు ఈగల్లాగా ముసురుకుంటాయి. భాయినా దగ్గర ఉన్నది అసలుదో దొంగదో మాకు తెలియదు, తెలిసినా మానేవాళ్ళం కాదు. ఆ దొంగ సరుకు వేగానికి జవాబుగానే హైపర్ ఫైటింగ్ పుట్టింది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, కొత్త బోర్డు ఖర్చు భాయినాది. మాకు ఆట పాతదైనా కొత్తదైనా ఒక్కటే రూపాయి బిళ్ళ.

ఆట ఇంటికి వచ్చిన రోజున ఆ ధర్మం తలకిందులైంది. 1992, 1993, 1994లలో వరుసగా ఈ రెండో భాగానివే మూడు కార్ట్రిడ్జులు, అంటే ఆట నింపిన డబ్బీలు, ఒకే నింటెండో యంత్రానికి పూర్తి ధరకు అమ్మారు. కాప్‌కామ్ ప్రకటించిన లెక్కల ప్రకారమే మొదటిది 63 లక్షలు, రెండోది 41 లక్షలు, మూడోది 20 లక్షలు అమ్ముడుపోయాయి. అంటే జనానికి అప్పుడే బుద్ధి వస్తూ ఉండింది. తర్వాత అది ఎక్కడ తప్పిపోయిందో వెతకాలి.

ఇదే వ్యాపార సూత్రాన్ని మా ఊరి పట్టుచీరల వారికి నేర్పితే ఎలా ఉంటుందో అని నేను తరచు ఊహించుకుంటాను. గుడి శిఖరాల్లాంటి కొసలున్న అంచుతో, తరాలుగా మగ్గం మీద కూర్చున్న తెలుగు నేతగాళ్ళు నేసే చీర అది. ఒక తల్లి, పెళ్ళికూతురిని వెంటబెట్టుకుని దుకాణానికి వస్తుంది. చీర విప్పి చూసి, "బాగుంది గాని, దీనికి కొంగేది నాయనా?" అంటుంది. "కొంగు వచ్చే ఏడాదమ్మా" అంటాడు వర్తకుడు, నమస్కారం చేసి. మరుసటి ఏడాది ఆమె ఓపికగా మళ్ళీ వస్తే, కొంగు ఉన్న చీర 'సూపర్ పట్టు' అన్న పేరుతో అరలో సిద్ధంగా ఉంటుంది. "నా పాత చీరకు ఈ కొంగు అతికించి ఇవ్వరాదా బాబూ?" "కుదరదమ్మా, చీర మొత్తం మళ్ళీ తీసుకోవాలి." ఆ పై ఏడు 'సూపర్ పట్టు టర్బో'. అదే చీర, అదే అంచు, కాకపోతే కుచ్చిళ్ళు త్వరగా కుదురుతాయట. "మరి ఈ పచ్చరంగు ఇలా వెలిసిపోయిందేమిటి?" అని తల్లి ఆందోళన పడితే, వర్తకుడు గొంతు తగ్గించి, "నిరుడు పచ్చ మరీ బాగుందని నీలం కట్టుకున్నవాళ్ళు గోల పెట్టారమ్మా. అందరికీ సమానంగా ఉండాలని పచ్చను కాస్త వెలవెలబోయేట్టు చేశాం" అంటాడు.

ఆమె విసిగిపోయి, మొదట కొన్న కొంగులేని చీరతోనే పిల్లను పెళ్ళికి తీసుకుపోతుంది. పందిరి గుమ్మంలో ఒకడు ఆపుతాడు. "ఇది టర్బో చీరల పందిరి. పాత చీరలవారికి వేరే పందిరి ఉంది, అదిగో." ఆ పందిరిలో దీపాలు వెలుగుతూనే ఉంటాయి, పీటలు వేసే ఉంటాయి. పెళ్ళికొడుకు మాత్రం ఉండడు. సన్నాయివాళ్ళు కూడా పోయిన నెలే వెళ్ళిపోయారు.

దీన్ని అతిశయోక్తి అనుకునేవారు 'స్ట్రీట్ ఫైటర్ 5' సంగతి గుర్తు తెచ్చుకోవాలి. ఒంటరిగా ఒకరి తర్వాత ఒకరిని గెలుచుకుంటూ పోయే ఆర్కేడ్ మోడ్, ఈ జాతి ఆటలకు పుట్టుకతో ఉండే అవయవం, 2016లో అది లేకుండానే ఆటను అమ్మారు. 2018లో దాన్ని చేర్చి, చేర్చినందుకు గుర్తుగా ఆటకే 'ఆర్కేడ్ ఎడిషన్' అని నామకరణం చేశారు. పాతవారికి దాన్ని ఉచితంగానే ఇచ్చారు, ఆ మేరకు పుణ్యం కట్టుకున్నారు. కొంగు కుట్టి ఇచ్చినందుకు చీరకు 'కొంగు చీర' అని పేరు పెట్టి దండోరా వేయించుకునే వర్తకుడిని మాత్రం మా ఊళ్ళో నేనింకా చూడలేదు.

కొత్త పోట్లాటగాళ్ళను ఏడాదికొక విడతగా 'పాస్' అనే పేరుతో విడిగా అమ్మడం ఒకటి. ఇక వేషాల బేరం. అదే మనిషికి వేరే చొక్కా తొడిగి దానికి విడిగా డబ్బు తీసుకుంటారు. మా ఊళ్ళో రెండేళ్ళకొకసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చే యాత్రలో జనం మొక్కు తీర్చుకోవడానికి రకరకాల వేషాలు వేస్తారు. పులి వేషం కట్టినవాడు రంగు తన ఒంటికి పూసుకుంటాడు గాని, చూసినవాడికి బిల్లు రాయడు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2012లో వచ్చిన 'స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్' విషయంలో నాకు నవ్వు రాదు. డబ్బు చెల్లించి ఇంటికి తెచ్చుకున్న డిస్కులోనే ఆటలో పోట్లాడే మనుషులు పన్నెండుగురు తాళం వెనుక ఉన్నారని కొన్నవాళ్ళే కనిపెట్టారు. వాళ్ళను తర్వాత విడిగా అమ్మారు. ఎందుకిలా చేశారంటే, కొన్నవారూ కొననివారూ కలిసి ఆడుకోవడానికి వీలుగా ఉంటుందని సంజాయిషీ ఇచ్చారు. ఏమిటి ఆ వీలు? కొంగు నేసి, మడిచి, లోపల దారంతో కుట్టేసి, చీర నా చేతిలో పెట్టి, కత్తెర నీ దగ్గర ఉంచుకోవడమా? చేయని పనికి ముందే డబ్బడిగితే ఆశ అనవచ్చు. చేసేసిన పనిని, అమ్మేసిన సరుకును, కొన్నవాడి ఇంట్లోనే వాడికి కనబడకుండా దాచి, దాచినందుకు కూలి అడగడాన్ని ఏమనాలి? మా ఊరి సంతలో తూకం రాయి కింద చింతపండు అంటించినవాడిని నలుగురూ కలిసి తరిమారు. వాడు కనీసం దాన్ని 'ఎడిషన్' అనలేదు. సిగ్గుపడి పారిపోయాడు.

మరి జనం ఎందుకు కొంటున్నారు? దోషాలను సరిదిద్దడానికి ఇప్పుడు బోర్డు మార్చనక్కరలేదు, రాత్రికి రాత్రే ఇంటర్నెట్ మీద దిద్దుబాటు వచ్చేస్తుంది. భాయినా కాలపు కారణం చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. మిగిలినది పందిరి ఒక్కటే. కథల ఆటైతే పాతదాన్ని మూల కూర్చుని పదేళ్ళైనా ఆడుకోవచ్చు. పోట్లాటకు ఎదుటివాడు కావాలి, ఎదుటివాడు కొత్తదానికి వెళ్ళిపోయాడు. వీళ్ళు అమ్మేది ఆటను కాదు, ఆ ఎదుటివాడిని. వాడు మనలాగే విసుక్కుంటూ, మనం వెళ్ళిపోయామని భయపడి కొని ఉంటాడు.

ఇదంతా మేనల్లుడికి విపులంగా బోధించాను. వాడు శ్రద్ధగా విని, ఏమీ అనకుండా నిరుటి ఆట పెట్టాడు. ప్రత్యర్థి కోసం వెతుకుతున్నామని తెర మీద గుండ్రంగా ఒకటి తిరగడం మొదలుపెట్టింది. మా అక్కయ్య ఇచ్చిన టీ తాగాను. పేపరు చదివాను. అది తిరుగుతూనే ఉంది.

కొన్నాను. పూర్తిది దిగడానికి గంటన్నర పట్టింది. వాడు తెర అంతా చూసి, మళ్ళీ అదే మర్యాదతో నా పక్కకు చేరాడు.

"మావయ్యా, ఇందులో ఉన్నది మొదటి ఏడాది పాస్ అట."