అట్టాలోస్ స్టోవా తొలి షాపింగ్ మాల్ కాదు

ఏథెన్స్ నగరపు పురాతన అగోరాలో (నగర ప్రధాన కూడలి, సంత) ఉన్న అట్టాలోస్ స్టోవా (స్టోవా అంటే స్తంభాల వరసతో కూడిన పొడవైన వసారా భవనం) ఫొటోతో పాటు ఈ మాటలు విస్తృతంగా ప్రచారంలో ఉన్నాయి: "ఇది ప్రపంచంలోనే తొలి షాపింగ్ మాల్. పూర్తిగా పాలరాతితో కట్టిన ఈ భవనం రెండు వేల ఏళ్లకు పైగా చెక్కుచెదరకుండా నిలిచింది. స్టోయిక్ తత్త్వవేత్త జీనో బోధించింది ఈ స్తంభాల మధ్యనే." ఇందులో మాల్ అన్న మాటకు కొంత ఆధారం ఉంది, మిగిలినవాటికి అదీ లేదు.

చెక్కుచెదరకపోవడం అన్నది పూర్తిగా తప్పు. నేటి టర్కీలో ఉన్న ప్రాచీన గ్రీకు రాజ్యం పెర్గమోన్‌కు రాజైన రెండవ అట్టాలోస్ (పాలన క్రీ.పూ. 159–138) ఏథెన్స్‌కు కానుకగా కట్టించిన ఈ భవనాన్ని క్రీ.శ. 267లో హెరూలీ అనే జర్మానిక్ తెగ దండు ధ్వంసం చేసింది. శిథిలాలను తర్వాత నగర రక్షణ గోడలో కలిపేయడం వల్లనే ఉత్తరపు కొసన అసలు గోడలు పైకప్పు ఎత్తు వరకు మిగిలాయి. నేడు మనం చూస్తున్నది, ఏథెన్స్‌లోని అమెరికన్ పురావస్తు సంస్థ అమెరికన్ సంపన్నుడు రాక్‌ఫెల్లర్ విరాళంతో పాత పునాదులపై తిరిగి నిర్మించి 1956లో మ్యూజియంగా ప్రారంభించిన కట్టడం. పునర్నిర్మాణం ఎంతో శ్రద్ధగా జరిగింది. ఆ శ్రమను దాచి దానిని ప్రాచీన భవనంగా చూపించడం, కట్టినవారికీ తవ్వినవారికీ కూడా అన్యాయమే.

జీనో విషయం కాలక్రమం తెలిస్తేనే తేలిపోతుంది. ఆయన క్రీ.పూ. 300 ప్రాంతంలో బోధించింది అగోరా ఉత్తరపు అంచున ఉన్న "చిత్రాల స్టోవా"లో. అట్టాలోస్ సింహాసనం ఎక్కేనాటికి జీనో మరణించి సుమారు వందేళ్లయింది.

పాలరాయి మాట కూడా నిలవదు. ఈ ఒక్క భవనంలోనే పెంటెలికాన్ కొండ పాలరాతితో పాటు సున్నపురాయినీ వాడారు. అదే అగోరాలో క్రీ.పూ. 5వ శతాబ్దం చివర కట్టిన దక్షిణ స్టోవా గోడల్లో పై భాగమంతా పచ్చి ఇటుకలే.

ఇక మాల్ అన్న మాట. సుమారు 116 మీటర్ల పొడవున్న ఈ రెండంతస్తుల భవనంలో అంతస్తుకు 21 చొప్పున 42 గదులు ఉన్న మాట, అవి దుకాణాలన్న మాట నిజమే. అయితే స్తంభాల వసారా వెనుక గదుల వరస కట్టే పద్ధతి అట్టాలోస్‌తో మొదలైంది కాదు. కోరింత్ నగరంలోని దక్షిణ స్టోవాలో క్రీ.పూ. 300 ప్రాంతంలోనే 33 గదులు ఉన్నాయి. పైన చెప్పిన ఏథెన్స్ దక్షిణ స్టోవా అంతకంటే పాతది. దాని గదుల తలుపులు మధ్యలో కాక ఒక పక్కకు ఉండటాన్ని బట్టి, లోపల గోడల వెంబడి ఒరిగి భోంచేసే శయ్యలు వేసేవారని పురావస్తు శాస్త్రవేత్తలు గుర్తించారు. తూనికలు, కొలతలు పర్యవేక్షించే అధికారుల శాసనం కూడా అక్కడే దొరికింది. అంటే అధికారులు కలిసి భోంచేస్తూ పనిచేసుకునే చోటుగా అది అంగడి కన్నా ప్రభుత్వ కార్యాలయానికే దగ్గర.

నన్ను ఎక్కువగా బాధించేది, ఈ ఒక్క పోలిక స్టోవా అనే నిర్మాణపు ప్రజాజీవితాన్నంతటినీ కప్పేయడం. సుమారు 18 మీటర్లు మాత్రమే ఉన్న "రాజ స్టోవా"లో మత వ్యవహారాలు చూసే అధికారి కూర్చునేవాడు, క్రీ.పూ. 399లో సోక్రటీస్ తనపై వచ్చిన అభియోగానికి సంబంధించి హాజరైంది అక్కడికే. నగర చట్టాలు చెక్కిన పలకలను అక్కడ అందరికీ కనిపించేలా నిలిపారు, ఎన్నికైన అధికారులు దాని ముందున్న రాతిపై నిలబడి ప్రమాణం చేసేవారు. చిత్రాల స్టోవాలోనైతే పర్షియన్లపై గెలిచిన మారథాన్ యుద్ధ చిత్రాన్నీ, ప్రత్యర్థి నగరం స్పార్టా సైనికుల నుంచి గెలుచుకున్న డాళ్లనూ ఏ పౌరుడైనా వెళ్లి చూడగలిగేవాడు. అట్టాలోస్ స్టోవా సైతం అంగళ్లకే పరిమితం కాలేదు: ఎండావానల నుంచి నీడనిచ్చే దాని విశాలమైన వసారాలు, ముందునుంచి సాగే ఏథీనా దేవత పండుగైన పానథెనాయియా ఉత్సవ ఊరేగింపును చూడటానికి అనువుగా ఉండేవి.