గుడ్డ సంచిలో నల్ల కవరు

ఆదివారం ఉదయం ఆరున్నరకు ఆర్.కె. బీచ్ ఇసుకలో ప్లాస్టిక్ చెత్త ఏరుతూ పదకొండు మందికి ఉపన్యాసం దంచాను. 120 మైక్రాన్ల కన్నా పలచని సంచులు 2022 చివరి నుంచి దేశమంతటా నిషిద్ధమని గుర్తు చేశాను. ఏడున్నరకల్లా ఫిషింగ్ హార్బర్‌లో, కిలోన్నర వంజరం ముక్కలున్న నల్ల కవరును చేయి చాచి అందుకున్నాను.

గుడ్డ సంచి లేక కాదు. భుజానే ఉంది. 'ప్లాస్టిక్‌కు సెలవు' అని పచ్చటి అక్షరాలతో, తెల్లగా, కొత్తగా ఉంది. అసలు చిక్కంతా ఆ తెలుపుతోనే. చేపల నీచు అంటితే ఎన్ని బకెట్ల నీళ్లతో ఉతకాలి? నీళ్లు వృథా చేయడం మాత్రం పర్యావరణానికి మేలా? పైగా ఆ కవరు ఎప్పుడో తయారైపోయింది, నేను వద్దన్నంత మాత్రాన వెనక్కి వెళ్లి ముడి చమురైపోదు కదా! ఇలా సమాధానపడి, కవరును గుడ్డ సంచిలో దాచాను.

ఈ రోగానికి లియాన్ ఫెస్టింగర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1957లోనే పుస్తకం రాశాడు. నమ్మకం ఒకటి, చేత ఒకటి అయినప్పుడు మనసుకు ముల్లు గుచ్చుకున్నట్టుంటుంది. చేత మార్చుకోవడం కష్టం కనుక చాలాసార్లు మనం సాకులు వెతుక్కుంటాం. 1959లో ఆయన, కార్ల్‌స్మిత్ కలిసి విద్యార్థులచేత విసుగెత్తే పని చేయించి, అది భలే సరదాగా ఉందని తర్వాత వచ్చేవారికి చెప్పమన్నారు. ఆ అబద్ధానికి కొందరికి ఇరవై డాలర్లు, కొందరికి ఒక్క డాలరు ముట్టజెప్పారు. ఆ పని నిజంగానే బాగుందని ఎక్కువగా నమ్మినవాళ్లు ఒక్క డాలరు వాళ్లే! ఇరవై తీసుకున్నవాడు డబ్బు కోసం బొంకానని సరిపెట్టుకోగలడు. ఒక్క డాలరుకు బొంకినవాడు ఏం చెప్పుకుంటాడు, పాపం? నాకైతే కవరు ఉచితం. అందుకే అన్ని సాకులు కావలసి వచ్చాయి.

కురుసుర జలాంతర్గామి ఎదుట టీ కోసం స్కూటర్ ఆపితే, మా మేడమీది మాస్టారు ఎదురయ్యారు. లోపల కవరు ఎప్పుడు చినిగిందో, సంచి అడుగు నుంచి ఎర్రటి నీళ్లు బొట్లుబొట్లుగా నా చెప్పు మీద పడుతున్నాయి. 'సెలవు' మీదుగా ఒక చార దిగుతోంది.

"చేపలకు కూడా గుడ్డ సంచేనా! నిబద్ధత అంటే ఇదీ నాయనా!" అన్నారాయన, కళ్లు చెమర్చినంత పని చేసి.

నేను అబద్ధమాడలేదు. నవ్వానంతే. ఆయన ఫోటో తీస్తానంటే సంచి కాస్త పైకెత్తి పట్టుకున్నాను కూడా.

ఇంటికి చేరేసరికి కాలనీ వాట్సాప్ గ్రూపులో నలభై చప్పట్లు. మా ఆవిడ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి చూసి, "ఏమండీ, సంచి మూతి దగ్గర ఈ నల్లటి చెవి ఎవరిది?" అని అడిగింది. కుక్కపిల్లది అందామనుకున్నాను గానీ, ఆమె అప్పటికే వాసన పట్టుకుని సంచి విప్పేస్తోంది.

మరుసటి ఆదివారం హార్బర్‌కు వెళ్లగానే చేపలమ్మిని నిలదీశాను.

"పోయిన వారం నువ్వు ఇచ్చిన కవరు చినిగిపోయిందమ్మా. అంత పలచనివి వాడకూడదని చట్టమే ఉంది, తెలుసా?"

"అయితే ఈసారి రెండు వేస్తాను బాబూ" అంది.

వేయించుకున్నాను.