రెండు చానెళ్ల పాటను ఐదు స్పీకర్లకు పంచేటప్పుడు

హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఆంప్లిఫైయర్ సామాన్లు కొనేవాళ్లకు ‘ప్రోలాజిక్ బోర్డు’ అన్న మాట బాగా తెలుసు. 4558 ఐసీలు, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు బిగించిన అరచేతంత పలక అది. ఒకవైపు ఎడమ, కుడి అని రెండు వైర్లు ఇస్తే, రెండోవైపు ముందుకు రెండు, మధ్యకు ఒకటి, వెనక్కు రెండు, ఊఫర్‌కు ఒకటి చొప్పున ఆరు వైర్లు వస్తాయి. చవకలో హోమ్ థియేటర్ అసెంబుల్ చేయించుకున్న ఇళ్లలో సరౌండ్ ధ్వనికి ఈ బోర్డే ఆధారం. ఖరీదైన రిసీవర్లలోనూ (సరౌండ్ ఆంప్లిఫైయర్లు), ఇప్పటి కృత్రిమ మేధ ప్రోగ్రాముల్లోనూ జరిగేది మౌలికంగా ఇదే పని: రెండు చానెళ్లుగా తయారైన పాటను ఐదారు చానెళ్లుగా విడదీయడం. రెండు ఇచ్చిన చోట ఆరు ఎలా వచ్చాయో తెలిస్తేనే ఏ మార్పిడి పాటకు మేలు చేస్తుందో, ఏది దాన్ని పాడుచేస్తుందో తేల్చగలం.

జవాబు చాలావరకు కూడికలోనూ తీసివేతలోనూ ఉంది. స్టీరియో పాటలో, అంటే రెండు చానెళ్ల పాటలో, గాయకుడి గొంతు సాధారణంగా రెండు చానెళ్లలోనూ సమానంగా ఉంటుంది. అందుకే అది రెండు స్పీకర్ల నడుమ, ఏ పెట్టె లేని చోట నుంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. ఎడమ, కుడి సంకేతాలను కలిపితే ఈ గొంతు మిగతావాటికంటే బలపడుతుంది. ఒకదాని నుంచి మరొకటి తీసేస్తే పోతుంది. తీసివేత తర్వాత మిగిలేవి ఒక పక్కకు జరిపి పెట్టిన వాద్యాలు, గది గోడల నుంచి తిరిగి వచ్చిన ప్రతిధ్వని, రికార్డింగ్ ఇంజనీరు గొంతుకు అద్దిన రీవెర్బ్ అనే ప్రతిధ్వని. కరోకే కోసం ఇలా గొంతు తీసేసిన ట్రాకుల్లో గాయకుడి నీడ మాత్రం దూరం నుంచి వినిపించడానికి కారణం ఆ రీవెర్బే. ప్రోలాజిక్ బోర్డు కూడికను మధ్య స్పీకర్‌కు, తేడాను వెనుక స్పీకర్లకు, వడపోసిన మంద్ర ధ్వనిని ఊఫర్‌కు పంపుతుంది. కొత్తగా పుట్టిందేమీ లేదు; రెండు చానెళ్ల మధ్య దాగి ఉన్న తేడాకు విడిగా ఒక స్పీకర్ దొరికింది, అంతే.

ఈ కూడిక, తీసివేతల లెక్క స్టీరియో అంత పాతది. 1931 డిసెంబరులో ఇంగ్లండ్‌లో అలన్ బ్లమ్‌లైన్ దాఖలు చేసిన పేటెంట్‌లోనే అది ఉంది. ఎఫ్‌ఎం రేడియో స్టీరియోను మోసుకొచ్చేదీ ఈ పద్ధతిలోనే. 1970 ప్రాంతంలో అమెరికన్ ఇంజనీరు డేవిడ్ హాఫ్లర్ అదనపు ఆంప్లిఫైయర్ కూడా లేకుండా, వెనుక స్పీకర్‌ను రెండు చానెళ్ల పాజిటివ్ కొసల మధ్య కలిపి తేడా ధ్వనిని వినిపించే ఏర్పాటు చూపించాడు. ఖర్చు ఒక స్పీకరూ, కొంత వైరూ మాత్రమే. ఇప్పటికీ అది పనిచేస్తుంది.

అయితే ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా పట్టుకోవాలి. 1970ల మధ్యలో డాల్బీ స్టీరియో సినిమా హాళ్లకు వచ్చినప్పుడు, ఫిల్ము అంచున ఉన్న రెండే ట్రాకుల్లో నాలుగు చానెళ్లను ఇమిడ్చారు. మధ్య చానెల్‌ను 3 డెసిబెల్స్ (ధ్వని బలానికి కొలమానం) తగ్గించి రెండింటిలోనూ సమానంగా కలిపేవారు. సరౌండ్ చానెల్‌ను మాత్రం ఒక ట్రాకులో 90 డిగ్రీలు ముందుకు, మరో ట్రాకులో 90 డిగ్రీలు వెనక్కు ఫేజ్ (ధ్వని తరంగం దశ) జరిపి కలిపేవారు. అంటే ఒకరు తెలిసి దాచారు, డీకోడర్ వెలికి తీసింది. సంగీత దర్శకుడు రెండు స్పీకర్ల కోసమే మిక్స్ చేయించిన మామూలు స్టీరియో పాటలో ఎవరూ ఏమీ దాచలేదు. దాని నుంచి ఐదు చానెళ్లు తీయడమంటే దాచిన వస్తువును తిరిగి తీసుకోవడం కాదు, ఏ శబ్దం ఎక్కడ ఉండి ఉండవచ్చో అంచనా కట్టడం. మొదటిది డీకోడింగ్, రెండోది ఊహ. సరౌండ్ మార్పిడిపై జరిగే వాదనల్లో సగం ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లే పుడుతున్నాయని నా అభిప్రాయం.

సాదా కూడిక, తీసివేతలకు పెద్ద లోపం ఉంది. పక్కపక్క చానెళ్ల మధ్య వేర్పాటు 3 డెసిబెల్స్ మాత్రమే. పూర్తిగా ఎడమకు పెట్టిన వయొలిన్ మధ్య స్పీకర్‌లోనూ, వెనుక స్పీకర్లలోనూ కూడా దాదాపు అంతే గట్టిగా మోగుతుంది. 1987లో వచ్చిన డాల్బీ ప్రోలాజిక్ అనే డీకోడర్ ఈ సాదా లెక్కతో ఆగక, ఆ క్షణంలో ఏ దిక్కు బలంగా ఉందో కనిపెట్టి మిగతా దిక్కులను అణచివేసేది. దీనివల్ల సినిమా మాటలు మధ్యలో స్థిరంగా నిలిచాయి కానీ, సంగీతంలో ఒక వాద్యం లేవగానే మరోవైపు ప్రతిధ్వని చప్పున తగ్గి మళ్లీ పెరగడం చెవికి తెలిసిపోయేది. పైగా వెనుక చానెల్ ఒక్కటే, అదీ 7 కిలోహెర్ట్జ్ వరకే. 2000లో జిమ్ ఫాస్‌గేట్ రూపొందించిన ప్రోలాజిక్ టూ వెనుక రెండు చానెళ్లనూ విడదీసి, పూర్తి శ్రుతి విస్తారాన్ని ఇచ్చింది. దాని మ్యూజిక్ మోడ్‌లో మధ్యకు తీసిన గొంతును పక్క స్పీకర్లకు ఎంత పంచాలో వినేవారే నిర్ణయించుకునే వీలుంది. చిన్నదిగా కనిపించే ఈ సదుపాయం వెనుక చాలా లోతైన అవగాహన ఉంది.

ఎందుకో చూద్దాం. స్టీరియోలో మధ్యన వినిపించే గొంతు నిజానికి రెండు స్పీకర్ల నుంచి వస్తుంది. ఎడమ స్పీకర్ ధ్వని ఎడమ చెవికి ముందుగా చేరి, తల చుట్టూ తిరిగి కుడి చెవికి సెకనులో సుమారు నాలుగు వేలవ వంతు ఆలస్యంగా చేరుతుంది; కుడి స్పీకర్‌దీ అంతే. ఒకే గొంతు ఒక్కో చెవికి కొద్ది తేడాతో రెండుసార్లు అందడం వల్ల 2 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో కొంత ధ్వని పరస్పరం రద్దవుతుంది. ఆ పల్లంతో కలిపి విన్న రికార్డింగ్ ఇంజనీరు, ఆ విన్నదాని ప్రకారమే గొంతు రంగును సరిదిద్ది ఉంటాడు. ఇప్పుడు ఆ గొంతును ఊడదీసి ఒకే ఒక మధ్య స్పీకర్‌కు ఇస్తే పల్లం పోతుంది, గొంతు కొంచెం కరకుగా, దగ్గరగా మారుతుంది. పెట్టెలో లోపం లేదు, పాటలోనూ లోపం లేదు; మారింది వినే పరిస్థితి. ఇంకోవైపు, సోఫాలో ఒక మూల కూర్చున్న మనిషికి స్టీరియో గొంతు మధ్యలో ఉండదు, దగ్గరి స్పీకర్‌లోకి ఒరిగిపోతుంది. రెండు చోట్ల నుంచి ఒకే ధ్వని వస్తే చెవి ముందుగా చేరినదాన్నే చోటుగా తీసుకుంటుందని 1949 నాటి తన పరిశోధనలో హెల్ముట్ హాస్ చూపించాడు. నలుగురు కలిసి కూర్చుని వినే తెలుగు ఇంట్లో నిజమైన మధ్య స్పీకర్ అందరికీ గొంతును ఒకే చోట నిలుపుతుంది. ఒక్కరే సరిగ్గా నడుమ కూర్చుని వింటే పాత స్టీరియోయే మేలు. మధ్యకు ఎంత పంచాలన్న నిర్ణయం గదినీ, మనుషులనూ బట్టి మారాలని నేననడం ఇందుకే.

వెనుక స్పీకర్ల సంగతి మరింత సున్నితం. హాస్ చెప్పిన సూత్రమే ఇక్కడ సాయపడుతుంది: తేడా ధ్వనిని పది నుంచి ముప్పై మిల్లీసెకన్లు ఆలస్యం చేసి వెనక్కు పంపితే, అందులో పొరపాటున కలిసిన గొంతు ముందునుంచే వస్తున్నట్టు చెవి భావిస్తుంది, వెనుక నుంచి గది విశాలత మాత్రం తెలుస్తుంది. ధ్వని మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది కాబట్టి, మన హాళ్లలో సోఫా వెనుక గోడకు ఆనించి, చెవికి రెండు అడుగుల దూరంలో వెనుక స్పీకర్లు బిగించినప్పుడు ఆ దూరాలను రిసీవర్‌లో సరిగ్గా నమోదు చేయకపోతే ఈ లెక్క మొత్తం చెడిపోతుంది. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సమాఖ్య సిఫార్సు ప్రకారం వెనుక స్పీకర్లు పక్కలకు, మధ్య రేఖ నుంచి 100 నుంచి 120 డిగ్రీల కోణంలో ఉండాలి. చాలామంది వాటిని వీపు వెనుక మూలల్లో వేలాడదీసి, వినపడటం లేదని సౌండ్ పెంచుతారు. అప్పుడు పాట ముందొకటి, వెనుకొకటిగా చీలిపోతుంది.

ఊఫర్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 5.1 (ఐదు పూర్తి చానెళ్లు, ఒక మంద్ర చానెల్) అనే పేరులోని ఆ ‘.1’ సినిమా పేలుళ్ల వంటి ప్రత్యేక ధ్వనుల కోసం కేటాయించిన చానెల్. స్టీరియో పాట నుంచి దాన్ని సృష్టించాల్సిన అవసరమే లేదు. చిన్న స్పీకర్లు మోయలేని మంద్ర ధ్వనిని, సాధారణంగా 80 హెర్ట్జ్‌కు దిగువ ఉన్నదాన్ని, ఊఫర్‌కు మళ్లిస్తే చాలు. అది పంపకం, మార్పిడి కాదు.

గత ఇరవై ఏళ్లలో అసలైన ముందడుగు ధ్వనిని చిన్న ముక్కలుగా కోసి చూడటంలో పడింది. సెకనుకు 44,100 నమూనాలున్న సీడీ ధ్వనిలో 2048 నమూనాల చొప్పున తీసుకుంటే ఒక్కో ముక్క సుమారు 46 మిల్లీసెకన్లు. ఆ ముక్కను సుమారు 21.5 హెర్ట్జ్ వెడల్పున్న పట్టీలుగా విడదీసి, ఒక్కో పట్టీలో ఎడమకూ కుడికీ పోలిక ఎంత ఉందో లెక్కగడతారు. పోలిక ఎక్కువుంటే అది నేరుగా వచ్చిన వాద్యం లేదా గొంతు. తక్కువుంటే పరిసర ధ్వని. పాత ప్రోలాజిక్ ఒక్కో క్షణంలో మొత్తం ధ్వనికి ఒకే దిక్కును నిర్ణయిస్తే, ఈ పద్ధతిలో ఒకే క్షణంలో తబలా ఒక దిక్కుకు, వేణువు మరో దిక్కుకు వెళ్లగలవు. కానీ ముక్క పొడవైతే తబలా దరువు అంచు మసకబారుతుంది, పొట్టిదైతే దగ్గరి శ్రుతులు విడిపోవు. ఈ బేరం నుంచి ఏ ప్రోగ్రామూ తప్పించుకోలేదు. దానికితోడు, 128 కేబీపీఎస్‌కు బాగా కుదించిన ఎంపీ3 పాటను ఇస్తే వెనుక స్పీకర్లలో నీళ్లలో గులకరాళ్లు కదిలినట్టు రొద వస్తుంది. ఫైలు కుదించేటప్పుడు ఎక్కువగా కోత పడేది ఈ తేడా సమాచారానికే. స్టీరియోలో గొంతు మాటున దాగే ఆ గాయం, గొంతు తొలగించగానే బయటపడుతుంది. మంచి సరౌండ్ కావాలనుకునేవారు ముందు మంచి స్టీరియో ఫైలు సంపాదించుకోవాలి.

2019లో మ్యూజిక్ స్ట్రీమింగ్ సంస్థ డీజర్, పాటను వాద్యాలవారీగా విడదీసే స్ప్లీటర్ అనే కృత్రిమ మేధ ప్రోగ్రామును అందరికీ విడుదల చేసిన తర్వాత పరిస్థితి మరో మలుపు తిరిగింది. గొంతు, డ్రమ్స్, బేస్, మిగతా వాద్యాలు అని విడివిడిగా తీసి, వాటిని కోరిన చోట పెట్టుకోవచ్చు. నిజాయితీగా చెప్పాలంటే దీని ఫలితాలు కొన్నిసార్లు అబ్బురపరుస్తాయి. 1966 నాటి బీటిల్స్ ఆల్బమ్ ‘రివాల్వర్’ను 2022లో ఈ తరహా విభజనతో మళ్లీ మిక్స్ చేశారు, డాల్బీ అట్మాస్ (తల పైనుంచి కూడా ధ్వని వినిపించే సరౌండ్ పద్ధతి)లోనూ ఇచ్చారు. నాలుగు ట్రాకుల టేపు మీద ఒకదానితో ఒకటి కలిసిపోయిన వాద్యాలు విడివడ్డాయి. అయితే ఆ విడుదలలోని పెద్ద సెట్‌లో పాత మోనో (ఒకే చానెల్) మిక్స్ కూడా ఉందన్నది మనం గమనించాల్సిన విషయం. కొత్తది వచ్చిందని పాతదాన్ని దాచలేదు.

మన దగ్గర ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. ఘంటసాల కాలపు పాటల్లో అత్యధికం మోనో. గాయనీగాయకులు, వాద్యబృందం ఒకే గదిలో ఒకేసారి పాడి, వాయించినవి. వాటికి తిరిగి మిక్స్ చేసుకోవడానికి విడి ట్రాకులు లేవు. మోనోలో ఎడమ కుడి తేడా సున్నా కాబట్టి ప్రోలాజిక్ బోర్డుకు అందులో తీయడానికి ఏమీ దొరకదు. అక్కడ సరౌండ్ కావాలంటే కృత్రిమ రీవెర్బ్ అయినా అద్దాలి, కృత్రిమ మేధతో వాద్యాలైనా విడదీయాలి, లేదా సంగీతాన్ని మళ్లీ వాయించాలి. 1957 నాటి ‘మాయాబజార్’ 2010 జనవరిలో రంగులతో, డీటీఎస్ (ఒక సరౌండ్ పద్ధతి) ధ్వనితో మళ్లీ వచ్చినప్పుడు కొత్త తరం హాలుకు వెళ్లి చూసింది, అది మంచిదే. కానీ అలాంటి ధ్వని ఒక కొత్త కూర్పు. అది పాతదాని పక్కన నిలబడాలి, దాని స్థానంలో కాదు.

నన్ను నిజంగా కలవరపెట్టేది ఈ స్థానభ్రంశమే. యూట్యూబ్‌లో ‘5.1 డీటీఎస్’, ‘8డీ’ అన్న పేర్లతో పాత తెలుగు పాటలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. వాటిలో మామూలు ఫోన్‌లో, హెడ్‌ఫోన్స్‌లో వినపడేది రెండు చానెళ్లే. ‘8డీ’ అంటే చాలావరకు పాటను ఎడమ నుంచి కుడికి గిరగిరా తిప్పి రీవెర్బ్ పోయడమే. సరదాకు వినేవారిని తప్పుపట్టను. ఎవరింట్లో వారు తమ పాటను ఎలా పంచుకున్నా అది వారి హక్కు. బాధ ఏమిటంటే, పిల్లవాడు సుశీల గొంతును మొదటిసారి ఆ రూపంలో విని, ఆమె అలాగే పాడిందనుకుంటాడు. హక్కులున్న సంగీత సంస్థలు కూడా శుద్ధి చేసిన ప్రతిని పెట్టి, అసలు ప్రతిని తొలగిస్తే ఆ పొరపాటును సరిదిద్దడానికి ఆధారమే మిగలదు.

కనుక సరౌండ్‌గా మార్చి విడుదల చేసే ప్రతి పాత పాటకూ మూడు వివరాలు తోడుగా ఉండాలని కోరుతున్నాను: మూలం మోనోనా స్టీరియోనా, దాన్ని టేపు నుంచి తీసుకున్నారా రికార్డు నుంచి తీసుకున్నారా, వెనుక చానెళ్లలోకి వెళ్లిన ధ్వని మూలంలోదేనా లేక కొత్తగా కలిపినదా. మార్చిన ఐదు చానెళ్లను తిరిగి రెండుగా కలిపినప్పుడు మూల స్టీరియోకు ఎంత దగ్గరగా వస్తుందో చూడటం ఇంజనీర్లకు కష్టమైన పరీక్ష కాదు. ఇంట్లో వినేవారికి ఇంకా తేలిక. ముందున్న మూడు స్పీకర్లను ఆపేసి వెనుక రెండింటినే ఒక పాట మొత్తం వినండి. వయొలిన్లు ఆగాక మిగిలే ధ్వని తోక, గొంతు వెనుక గది ప్రతిధ్వని, చరణం ముగిశాక మెల్లగా ఆరిపోయే తబలా మోత వినిపిస్తే మీ రిసీవర్ పాటలో ఉన్నదాన్నే పంచుతోంది. అక్షరాలు తునకలై గరగరలాడే గొంతు వినిపిస్తే ఆ మోడ్ మార్చి చూడండి. అప్పటికీ తగ్గకపోతే స్టీరియో బటన్ నొక్కి, ముందున్న రెండు స్పీకర్లతోనే ఆ పాట వినండి.