గేటు బయట ఒక గది

కిందటి డిసెంబర్‌లో ఒక శనివారం నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లాను. 2019లో అక్కడ తెరిచిన ఇస్రో స్పేస్ మ్యూజియంలో ఏదో స్కూలు పిల్లలు, ఓ నలభై మంది ఉంటారు, ముందువాడి స్వెటర్ వెనకవాడు పట్టుకుని రైలుబండిలా నడుస్తున్నారు. ఒక పిల్లాడు రాకెట్ నమూనా దగ్గర నిలబడిపోయాడు. వెనక బండంతా ఆగింది. "మేడం, ఇది చంద్రుడి మీదికి పోయేదా, యుద్ధంలో వేసేదా?" అని అడిగాడు. మేడం పాపం అప్పటికే వాళ్లకు సాలార్‌జంగ్ గడియారం చూపించి, అన్నాలు తినిపించి తెచ్చినట్టున్నారు. "లైన్ ఆపొద్దు నాన్నా, నడువు" అన్నారు. వాడు నడిచాడు.

ఆమెను తప్పుపట్టలేం. ఆ గదిలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఇస్రో మ్యూజియం ఇస్రో కథ చెబుతుంది, దాని పని అది. కానీ రాకెట్ల చరిత్ర మొత్తంలో అడగాల్సిన ప్రశ్నే ఆ పిల్లాడు అడిగాడు. పైగా అడిగింది హైదరాబాద్‌లో.

జవాబు ఇక్కడికి ఓ పదిహేను కిలోమీటర్ల లోపే, కంచన్‌బాగ్ గోడల వెనక ఉంది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన రాకెట్ ఎస్‌ఎల్‌వీ-3. దాని అడుగు భాగంలో ఉన్న ఘన ఇంధన మోటారే, తొమ్మిదేళ్ల తర్వాత 1989 మే 22న చాందీపూర్ నుంచి లేచిన మొట్టమొదటి అగ్ని క్షిపణికి కింది దశ అయింది. పై దశ పృథ్వి క్షిపణి నుంచి వచ్చింది. మనుషులూ అలాగే వచ్చారు. ఎస్‌ఎల్‌వీ-3 ప్రాజెక్టును నడిపిన అబ్దుల్ కలాం 1982లో ఇస్రో వదిలి కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా వచ్చారు. మరుసటి ఏడాదే పృథ్వి, అగ్ని, ఆకాశ్, త్రిశూల్, నాగ్ అనే ఐదు క్షిపణుల కార్యక్రమం మొదలైంది. కాబట్టి ఆ పిల్లాడికి చెప్పాల్సిన మాట ఇదీ: రెండూ అదేరా బాబూ.

లెక్క కూడా పెద్ద కష్టమైంది కాదు, ఎనిమిదో తరగతి పిల్లలకు అర్థమయ్యేదే. ఉపగ్రహం భూమికి దగ్గరి కక్ష్యలో నిలబడాలంటే సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగం కావాలి. ఆ వేగం అందకముందే ఇంజిన్ ఆగిపోతే, మోసుకెళ్లిన బరువు విసిరిన రాయిలా వంపు తిరిగి ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల నేల మీద పడుతుంది. పైన పెట్టింది ఉపగ్రహమా, పేలే వార్‌హెడ్డా అన్నది రాకెట్‌కు పట్టదు. క్షిపణికి అదనంగా కావాల్సింది, తిరిగి వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు వేల డిగ్రీల వేడికి కాలిపోని ముక్కు. దాని సంగతి మళ్లీ చెబుతాను.

ఇది మన ఒక్కరి కథే కాదు. 1957 అక్టోబర్ 4న స్పుత్నిక్‌ను మోసిన ఆర్-7, సోవియట్ యూనియన్ అణుబాంబు కోసం తయారుచేసుకున్న ఖండాంతర క్షిపణి. అమెరికా తొలి ఉపగ్రహం ఎక్స్‌ప్లోరర్-1 ఎక్కింది సైన్యం వారి రెడ్‌స్టోన్ క్షిపణిని సాగదీసి కట్టిన రాకెట్. జాన్ గ్లెన్ 1962లో భూమి చుట్టూ తిరిగి వచ్చింది అట్లాస్ అనే ఖండాంతర క్షిపణి మీద కూర్చుని.

ఈ చుట్టరికాన్ని దాచకుండా చూపించే మ్యూజియం ఫ్లోరిడాలోని కేప్ కెనవరాల్‌లో ఉంది. పక్కనే నాసా వారి కెనెడీ స్పేస్ సెంటర్ ఉండటంతో మనవాళ్లు ఎక్కువగా అటే పోతారు. ఇది మాత్రం సైన్యం వారిది. 1966లో మొదలైంది. ఎక్స్‌ప్లోరర్-1 లేచిన లాంచ్ కాంప్లెక్స్ 26 దగ్గరే, ఆ కాంక్రీట్ బ్లాక్‌హౌస్‌తో సహా, మ్యూజియం అయింది. మొదట ఎయిర్‌ఫోర్స్ పేరుతో ఉండేది, 2019లో అమెరికా స్పేస్ ఫోర్స్ పుట్టాక పేరు మారింది. చిక్కేమిటంటే కేప్ ఇప్పటికీ పనిచేస్తున్న సైనిక స్థావరం. స్కూలు బస్సు నేరుగా లోపలికి పోలేదు. అందుకని వాళ్లు చేసిన పని చాలా మామూలుది, నాకు బాగా నచ్చింది కూడా అదే. స్థావరం గేటు బయట ఒక చిన్న భవనం పెట్టారు. టికెట్ లేదు. ఏ లాంచ్ ప్యాడ్ నుంచి ఏది లేచింది, ఏది పేలింది, అక్కడే చూసుకోవచ్చు. 1950 జులై 24న ఆ నేల మీంచి లేచిన మొట్టమొదటి రాకెట్ బంపర్-8 కథ కూడా అక్కడ ఉంటుంది. ఆ బంపర్ కింది భాగం హిట్లర్ సైన్యం లండన్ మీద వేసిన వీ-2.

హైదరాబాద్‌కు కావాల్సింది అలాంటి గేటు బయటి గది.

ఈ ఊళ్లో సరుకుకు కొదవ లేదు. డీఆర్‌డీఎల్ 1962లో ఇక్కడికి వచ్చింది. క్షిపణులు తయారుచేసే బీడీఎల్ 1970లో, ప్రత్యేక లోహాలు పోతపోసే మిధాని 1973లో పుట్టాయి. మిధాని కొలిమిలో తయారయ్యే ఉక్కు, టైటానియం ఇస్రోకూ పోతాయి, క్షిపణికీ పోతాయి. బాలానగర్‌లో ఒకే వీధిలో ఒక షెడ్డు ఉపగ్రహ వాహకనౌకకు భాగం చెక్కుతుంటే, పక్క షెడ్డు ఇంకెవరికో చెక్కుతుంటుంది. అదే బాలానగర్‌లో ఉపగ్రహ చిత్రాలు చదివే ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉంది. దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి లేచింది, దాన్ని కట్టిన స్కైరూట్ ఇక్కడిదే. అగ్ని-4కు ప్రాజెక్టు డైరెక్టర్‌గా ఉన్న టెస్సీ థామస్ పనిచేసింది ఈ ఊళ్లోనే.

ఇంత ఉన్న ఊళ్లో మామూలు మనిషికి కనిపించేది డీఎంఆర్‌ఎల్ చౌరస్తా బోర్డు, మిధాని బస్ డిపో, ముళ్లకంచె వేసిన పొడవాటి గోడ. రెండు తరాలుగా కొన్ని వేల కుటుంబాలు "నాన్న ఏం చేస్తారు?" అంటే "డిఫెన్స్‌లో" అని ఒక్క మాట చెప్పి ఊరుకున్నాయి. మా పక్క వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, అక్కడ టెక్నీషియన్‌గా ముప్పై ఏళ్ల పైన చేసి రిటైరయ్యారు. అగ్ని తొలి ప్రయోగం 1989 ఏప్రిల్ 20న చివరి నిమిషాల్లో ఆగిపోయి, మే 1న మళ్లీ వాయిదా పడిన రోజుల్లో ఆయన ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా చూస్తూ ఉండేవారట. ఏం జరిగిందో ఇంట్లో చెప్పకూడదు. "మే 22 సాయంత్రం రేడియోలో వార్తలొచ్చాక తెలిసింది, ఈయన టెన్షన్ దేనికో" అని వాళ్లావిడ ఇప్పుడు నవ్వుతూ చెబుతారు. ఇలాంటి మనుషులు ఏటా తగ్గిపోతున్నారు. వాళ్లతో పాటే పోయే చరిత్ర ఏ ఫైల్లోనూ ఉండదు.

ఇక ఆ ముక్కు సంగతి. అగ్ని క్షిపణి ఆ వేడికి తట్టుకోవడానికి కార్బన్‌తో చేసే తేలికైన, గట్టి మిశ్రమ పదార్థాల మీద ఇక్కడి ప్రయోగశాలలు పనిచేశాయి. నిమ్స్ ఆసుపత్రి ఎముకల డాక్టర్ ఒకరు ఆ పదార్థాన్ని చేతిలోకి తీసుకుని, ఇంత తేలికా అని ఆశ్చర్యపోయి, కలాంను తన వార్డుకు తీసుకెళ్లారు. అక్కడ పోలియో వచ్చిన పిల్లలు ఒక్కోటీ 3 కిలోల పైన బరువుండే ఇనుప క్యాలిపర్లు కాళ్లకు కట్టుకుని ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాల్లో 300 గ్రాముల క్యాలిపర్లు తయారయ్యాయి. కలాం ఈ సంగతి ఎన్నో సభల్లో చెప్పారు. మనం కూడా విని చప్పట్లు కొట్టాం. కానీ ఆ రెండు క్యాలిపర్లనూ పక్కపక్కన ఒక బల్ల మీద పెట్టి, వచ్చిన ప్రతి పిల్లనూ ఒక చేత్తో అది, ఒక చేత్తో ఇది ఎత్తి చూడమంటే ఎలా ఉంటుంది? అద్దాల పెట్టె వద్దు, ఎత్తి చూడాలి. అరగంట ఉపన్యాసం ఇవ్వలేనిది ఆ మోచేతి నొప్పి ఇస్తుంది.

ఇక్కడే నాకో భయం కూడా ఉంది. మనం మ్యూజియం కట్టామంటే అందులో ఫ్లెక్సీలు, సెల్ఫీ పాయింట్, దేశభక్తి పాటల సౌండ్ సిస్టం ముందు వస్తాయి. చరిత్ర తర్వాత వస్తుంది, వస్తే. సైనిక రాకెట్ల చరిత్ర అంటే విజయాల పట్టిక అనుకుంటే పిల్లల్ని అంతదూరం తీసుకెళ్లడం దండగ. జర్మనీలో వీ-2 పుట్టిన పీనముండేలో ఇప్పుడున్న మ్యూజియం ఆ రాకెట్ గొప్పతనంతో పాటు, దాన్ని తయారుచేయడానికి మిట్టెల్‌బావ్-డోరా నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత చేయించిన వెట్టినీ చూపిస్తుంది. ఆ శిబిరంలో చనిపోయినవాళ్లు వేలల్లో ఉన్నారు. వీ-2 పడి చనిపోయినవాళ్ల కంటే దాన్ని కడుతూ చనిపోయినవాళ్లే ఎక్కువ. చంద్రుడి మీదికి మనిషిని పంపిన సాటర్న్-5 రాకెట్ తయారీని నడిపించిన వెర్నర్ ఫాన్ బ్రౌన్, అంతకుముందు ఆ వీ-2 తయారీని నడిపించినవాడే. పదో తరగతి పిల్లలకు ఇది చెప్పొచ్చు. వాళ్లు తట్టుకుంటారు. మనమే తట్టుకోలేం.

మన దగ్గరా చెప్పాల్సినవి ఉన్నాయి. 1970ల్లో డీఆర్‌డీఎల్ చేపట్టిన డెవిల్ ప్రాజెక్టు, సోవియట్ క్షిపణిని విప్పి అలాంటిది తయారుచేద్దామన్న ప్రయత్నం, అనుకున్నట్టు సాగక ఆగిపోయింది. అందులో నేర్చుకున్నది పృథ్వికి పనికొచ్చింది. కలాం నాటి ఆ ఐదు క్షిపణుల్లో త్రిశూల్ సైన్యం చేతికి చేరనే లేదు. నాగ్‌కు దశాబ్దాలు పట్టాయి. 2019 మార్చి 27న మిషన్ శక్తి పేరుతో మన క్షిపణి మన ఉపగ్రహాన్నే దాదాపు 300 కిలోమీటర్ల ఎత్తులో కొట్టింది. అందులో హైదరాబాద్ ప్రయోగశాలల పాత్ర పెద్దది, గర్వపడొచ్చు. ఆ దెబ్బకు లేచిన ముక్కల్లో చాలావరకు త్వరగానే రాలిపోయినా, కొన్ని పైకెగిరి నెలల తరబడి తిరిగాయన్నదీ అదే గోడ మీద రాయాలి. 2007లో చైనా 800 కిలోమీటర్లకు పైన చేసిన అలాంటి పరీక్షలో పుట్టిన ముక్కలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఎత్తు తేడాతో ఎంత తేడా వచ్చిందో చెబితే మన శాస్త్రవేత్తలు తక్కువ ఎత్తు ఎందుకు ఎంచుకున్నారో పిల్లలకు అదే తెలుస్తుంది.

చిన్న పిడకల వేట ఒకటి. రాకెట్ల మ్యూజియం అనగానే అందరూ టిప్పు సుల్తాన్‌తో మొదలుపెడతారు. ఇనుప గొట్టాల్లో మందుగుండు కూరిన మైసూర్ రాకెట్లను చూసే కాంగ్రీవ్ ఇంగ్లండ్‌లో తన రాకెట్లు చేశాడు. శివమొగ్గ జిల్లా నగరలో 2018లో ఒక పాడుబడ్డ బావి తవ్వితే వెయ్యికి పైగా దొరికాయి. బాగానే ఉంది. కానీ 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో మన నిజాం సైన్యం ఉన్నది ఇంగ్లీషువాళ్ల పక్కన. అంటే ఆ యుద్ధంలో హైదరాబాద్ సిపాయిలు మైసూర్ రాకెట్లను చూసింది అవతలి పక్షం నుంచి. ఈ మాట కూడా రాసే ధైర్యం ఉన్న మ్యూజియం అయితే నేను రెండుసార్లు వెళ్తాను.

భద్రత మాటేమిటని అడుగుతారు. రహస్యాలు బయటపెట్టమని ఎవరూ అనడం లేదు. అమెరికాలో అరిజోనా ఎడారిలో టైటాన్-2 అణుక్షిపణి ఉన్న భూగర్భ గొయ్యినే, 1980ల్లో విధుల నుంచి తప్పించాక మ్యూజియం చేశారు. అందులోని క్షిపణి ఇక పనిచేయదని సోవియట్ ఉపగ్రహాలు పైనుంచి చూసుకునేలా, గొయ్యి మీది తలుపు సగం తెరిచి అలాగే బిగించేశారు. వెళ్లినవాళ్లలో ఒకరిని కుర్చీలో కూర్చోబెట్టి తాళంచెవి తిప్పిస్తారు, ఉత్తుత్తిదే. అయినా ఆ క్షణం చెయ్యి బరువెక్కుతుందని చెబుతారు వెళ్లొచ్చినవాళ్లు. నలభై ఏళ్ల కిందటి పరికరం చూపిస్తే ఇవాళ్టి దేశ భద్రతకు వచ్చే ముప్పేమీ లేదు.

అంతదూరం ఎందుకు, విశాఖ ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర లేదా? 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైన ఆ సబ్‌మెరైన్‌ను ఒడ్డుకు లాగి, 2002లో జనానికి తెరిచారు. అందులో వివరాలు చెప్పేది నేవీలో పనిచేసి వచ్చినవాళ్లే. ఇరుకు దారిలో తల వంచుకుని నడుస్తూ, ఇన్ని పడకల మీద ఇంతమంది వంతులవారీగా నిద్రపోయేవాళ్లం అని ఒక మాజీ నావికుడు చెప్పేది విన్న పిల్లలు ఆ మాట మరిచిపోరు. సముద్రం ఉన్న ఊరు సబ్‌మెరైన్‌ను రోడ్డు మీదికి తెచ్చింది. క్షిపణులు చేసే ఊరు తన కథను ఒక చౌరస్తాకైనా తేలేదా?

పెద్ద భవనం అడగడం లేదు. సంతోష్‌నగర్ నుంచి చాంద్రాయణగుట్ట వరకు ఆ గోడ పొడవునా ఎక్కడైనా బస్సు ఆగే చోటు, పిల్లలు టిఫిన్ బాక్సులు విప్పుకోవడానికి ఒక షెడ్డు, శుభ్రమైన బాత్‌రూములు కావాలి. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్ బోర్డులు ఉండాలి, ఎందుకంటే ఆ గోడ పక్కనే ఇళ్లున్న పిల్లల్లో చాలామంది ఉర్దూ మాట్లాడేవాళ్లు, వాళ్లే ఎప్పుడూ లోపలికి పోనివాళ్లు. ప్రభుత్వ బడి పిల్లలకు టికెట్ వద్దు. నలభై మందికి ఇద్దరు చెప్పేవాళ్లుండాలి, ప్రశ్న అడిగితే లైన్ ఆగాలి.

మొన్న సాయంత్రం ఇదంతా మా పక్క వీధి పెద్దాయనతో అన్నాను. అలాంటిది పెడితే శనివారాలు వచ్చి పిల్లలకు చెబుతారా సార్ అని అడిగాను. టీ గ్లాసు కింద పెట్టి కాసేపు ఆలోచించారు. "స్కూలు పిల్లలైతే తప్పకుండా వస్తా" అన్నారు. కాస్త ఆగి, గొంతు తగ్గించి, "కానీ ఏమేం చెప్పొచ్చో పైవాళ్లు ముందు రాసివ్వాలి కదా" అన్నారు.