కోటకా, బీచ్ రోడ్డుకా?

ఆదివారం పిల్లల్నీ అత్తయ్యనీ తీసుకుని విజయనగరం కోట చూసొద్దామంటుంది వదిన. విశాఖలో ఇన్ని పెట్టుకుని అంత దూరం పోవడం దండగంటాడు మరిది.

మరిది: లోపల కాలేజీలు నడుస్తున్నాయి వదినా. గదులన్నీ తిరగనివ్వరు. అమ్మకా, మోకాళ్ల నొప్పులు. ఇక్కడే ఆర్కే బీచ్‌లో కురుసుర ఉంది కదా! 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్. ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతుంటే పిల్లల సంబరం చూడాలి.

వదిన: కురుసుర నాకూ ఇష్టమే. కానీ కోట అంటే మనుషులు తరాల తరబడి కాపురమున్న చోటు. 1713లో కట్టింది. గోడ ఎత్తు దాదాపు 10 మీటర్లు, వెడల్పు చూస్తే పైన బండి తోలొచ్చు. ఎవరికి భయపడి ఇంత గోడ కట్టారని పిల్లలే అడుగుతారు. అప్పుడు 1757 జనవరి 24 సంగతి చెప్తాను. ఫ్రెంచి సేనాని బుస్సీని వెంటబెట్టుకుని ఇక్కడి రాజు బొబ్బిలి మీద పడడం, తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి ఆ రాజుని చంపడం, అన్నీ.

మరిది: నా బాధ అదే. రాజుల కొట్లాట చెప్పి ఊరుకుంటాం. ఆ గోడకు రాళ్లు మోసినవాళ్ల ఊసు ఎవరెత్తుతారు? బొబ్బిలిలో ఆడవాళ్లూ పిల్లలూ శత్రువుకు చిక్కకూడదని సొంతవాళ్ల చేతుల్లోనే చచ్చిపోయారు. దాన్ని పౌరుషమని నా నోటితో నేను చెప్పలేను.

వదిన: చెప్పొద్దు, ఘోరమనే చెప్దాం. శిస్తు సంగతీ చెప్దాం. 1802లో ఈస్టిండియా కంపెనీవాళ్ల పర్మనెంట్ సెటిల్‌మెంట్ వచ్చాక జమీందారు కంపెనీకి కట్టే పేష్కస్ ఖాయమైంది గానీ రైతు దగ్గర గుంజేదానికి పట్టపగ్గాల్లేవు. 1948 చట్టంతో గానీ జమీందారీలు పోలేదు. అత్తయ్యవాళ్ల నాన్నగారు శిస్తు కట్టినవారే కదా. ఆవిడ ఆ గోడ కిందే కూర్చుని చెప్తే పిల్లలు ఎప్పటికీ మర్చిపోరు.

మరిది: పోనీ, ఒడిశాలోని జయపురం మహారాజు కట్టించిన మన బీచ్ రోడ్డు హవా మహల్ చాలదా? అదే రోడ్డులో పాత డచ్చి బంగళాలో విశాఖ మ్యూజియం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపానువాళ్లు మన ఊరి మీద వేస్తే పేలని బాంబు అక్కడే చూపించొచ్చు.

వదిన: హవా మహల్ లోపలికి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్లలేం. అయినా, ఒడిశా రాజుకి మన సముద్రం ఒడ్డున ఇల్లేంటని మొన్న పెద్దోడు అడిగాడు. 1936లో ఒడిశా ఏర్పడేదాకా జయపురం మన విశాఖపట్నం జిల్లాలోదేనని చెప్తే నోరు తెరిచాడు. బయట నుంచి చూసిన మేడే అంత పని చేస్తే, లోపల అడుగుపెట్టే కోట ఎంత చేస్తుంది! నువ్వు తిరగనివ్వరంటున్నావు గానీ, విజయనగరం రాజవంశంలోని పీవీజీ రాజుగారు 1958లో మాన్సాస్ అనే విద్యా ట్రస్టు పెట్టి ఆ కోటని చదువులకిచ్చారు. రైతుల పిల్లలు పుస్తకాలు పట్టుకుని ఆ గేటులోంచి వెళ్తుంటే మనవాళ్లు చూడాలి.

మరిది: ఆ ఒక్క మాటకి వస్తాను. కానీ పాపారాయుడి కథ తర్వాత, ముందు అమ్మ శిస్తు సంగతి చెప్పాలి.

వదిన: సరే. ఏడింటికల్లా బయల్దేరితే ఎండ ముదరకముందే గోడ చుట్టూ తిరిగేయొచ్చు. పులిహోర నేను కలుపుతాను, అత్తయ్యకి మడత కుర్చీ నువ్వు పట్టుకురా.