ఆరు ఫ్యాన్ల కీర్తన

ఇంట్లో పాటలు రికార్డు చేసుకోవడానికి ఒక కంప్యూటర్ కొనాలనుందని నోరు జారాను. ఆ సాయంత్రానికే మా బావ, మేనల్లుడు, ఎదురింటి రిటైర్డు మేష్టారు ఉన్నతస్థాయి కమిటీగా ఏర్పడ్డారు. ముగ్గురిలో పాడేవాళ్లు ఎవరూ లేరు. నిష్పాక్షికత కోసం కాబోలు అనుకున్నాను.

మొదటి తీర్మానం: గ్రాఫిక్స్ కార్డు భారీగా ఉండాలి.

"నేను పాడేది అన్నమయ్య కీర్తన గదా అబ్బయ్యా, దాంట్లో గ్రాఫిక్స్ యాడుంది?"

"ఉంటే మంచిది మామా," అన్నాడు మేనల్లుడు.

'ఉంటే మంచిది' అన్న మాటతో వాదించి గెలిచినవాడు నెల్లూరు జిల్లాలో ఇంకా పుట్టలేదు.

రెండోది కోర్లు, అంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా పనిచేసే భాగాలు. ఎన్ని ఉంటే అంత గొప్పట. ఒక ట్రాక్‌కి వరసగా తగిలించిన ప్రతిధ్వనిలాంటి ఎఫెక్టులు సాధారణంగా ఒకే కోర్ మీద నడుస్తాయి కాబట్టి, లెక్క కన్నా ఒక్కో కోర్ చురుకుదనం ముందు చూడాలన్నాను. బండలాగుడు పందెంలో ఒంగోలు ఎడ్ల జతను విప్పేసి పదహారు మేకపోతుల్ని కడితే బండ కదులుతుందా అని కూడా అడిగాను. మేష్టారు శ్రద్ధగా రాసుకున్నారు. తొంగి చూస్తే 'కోర్లు 16' అని ఉంది.

డిస్కు 4 టీబీ. 24 బిట్, 48,000 హెర్ట్జ్ నాణ్యతతో ఒక గొంతు గంటసేపు రికార్డు చేస్తే దాదాపు 520 ఎంబీ అవుతుంది. అంటే రోజుకు గంట చొప్పున పాడితే డిస్కు నిండడానికి 21 ఏళ్లు. ఈ సంగతి ఇరుగుపొరుగుకు ఇంకా చెప్పలేదు.

ట్రంకు రోడ్డులో కొన్నాం. "ఆడియో ఇంటర్‌ఫేస్ ఎందుకు సార్, బోర్డులోనే 7.1 ఉంది," అన్నాడు షాపతను. ఇంటర్‌ఫేస్ అంటే మైకులో గొంతును కంప్యూటర్‌లోకి పంపే పెట్టె. ఆ 7.1 ఎనిమిది స్పీకర్లలో వినిపించడానికే గాని నా గొంతు లోపలికి తీసుకోవడానికి కాదు. కానీ డబ్బులు అప్పటికే అద్దాల క్యాబినెట్‌కీ, రంగులు మారే ఆరు ఫ్యాన్లకీ అయిపోయాయి. మైకుకు మిగిలింది 300 రూపాయలు.

ముహూర్తం మే నెలలో కుదిరింది. చప్పుడు రాకూడదని కిటికీలు మూశాం, సీలింగ్ ఫ్యాను ఆపేశాం. బనీను తడిసి ఒంటికి అతుక్కుపోయింది. మనిషికి ఒక్క ఫ్యాను లేదు, దానికి ఆరు. పల్లవి పాడి విన్నాను. నా వెనక రైస్ మిల్లు ఆడుతోంది.

బావ వెంటనే దుప్పటి తెచ్చి క్యాబినెట్‌కి కప్పాడు. చప్పుడు తగ్గింది. పది నిమిషాలకు లోపల ఉడికిపోయి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంది, పాటలో పేలాలు వేగుతున్నట్టు టపటపలు. అవి పోవాలంటే బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కో విడతకు తీసుకునే శబ్దం ముక్క, పెంచాలన్నాడు మేనల్లుడు. 1024 పెట్టాడు. ఆలస్యం లోపలికి 21 మిల్లీసెకన్లు, బయటికి ఇంకో 21. హెడ్‌ఫోన్లో నా గొంతు, భజనలో ఆఖరి వరస తాతలాగా, నా వెనకే వస్తోంది. దానికోసం ఆగితే అదీ ఆగుతోంది. 128కి తగ్గిస్తే ఆలస్యం తెలియదు గాని, మూడు మిల్లీసెకన్లు గడవకముందే ఒక్కో ముక్క పూర్తిచేసి ఇవ్వాలి. దుప్పట్లో ఉన్నవాళ్లు ఎవరు చేస్తారు ఆ పని?

ఇన్నిటి కిందా సన్నగా 'మ్మ్...' అని ఒక శ్రుతి. తంబూరా అనుకుని మేష్టారు తల ఊపారు. అది 50 హెర్ట్జ్ కరెంటు. క్యాబినెట్ ముట్టుకుంటే వేళ్లు జివ్వుమన్నాయి. కరెంటు పనివాడు వచ్చి కంప్యూటర్ వైపు చూడనైనా చూడలేదు. నేరుగా పెరట్లోకి పోయి, ఎండిపోయిన ఎర్త్ గుంటలో ఉప్పు వేసి రెండు బిందెల నీళ్లు పోశాడు. శ్రుతి ఆగిపోయింది.

కీర్తన చివరికి మా ఆవిడ పాత ల్యాప్‌టాప్‌లో, చార్జర్ పీకేసి, రికార్డయింది. కొత్త మిషన్ మీద మేనల్లుడు కార్ల పందేలు ఆడుతున్నాడు. గ్రాఫిక్స్ చాలా బాగున్నాయి. ఎర్త్ గుంటలో రోజూ సాయంత్రం నీళ్లు పోసే బాధ్యత బావకు అప్పగిస్తూ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆయన ఆ రోజు నుంచి మా ఇంటికి రావడం లేదు.