సవరణ: కాఫీ గింజలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు

వేయించిన కాఫీ గింజలు ఫ్రిజ్‌లో పెడితే తాజాగా ఉంటాయని మొన్నటి పోస్టులో రాశాను. అది తప్పు. గింజలు వేయించి అమ్మేవాళ్లు సాధారణంగా చెప్పేది వేరు. ఫ్రిజ్‌లోంచి డబ్బా తీసి మూత తెరిచిన ప్రతిసారీ చల్లటి గింజల మీద గాలిలోని తేమ చేరి చెమ్మగిల్లుతాయి. పైగా ఇంగువ, ఉల్లిపాయ వాసన ఇట్టే పట్టేస్తుంది.

రెండు మూడు వారాల్లో అయిపోయేవైతే గాలి చొరబడని డబ్బాలో పోసి, పొయ్యికీ ఎండకీ దూరంగా అల్మారాలో పెడితే చాలు. గాజు సీసా అయితే చీకట్లోనే ఉంచాలి.

ఎక్కువ కొన్నారా? 100 గ్రాముల చొప్పున జిప్ కవర్లలో గాలి తీసేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. బయటికి తీసిన కవరు, చల్లదనం పూర్తిగా పోయాకే విప్పాలి. లేదంటే అదే చెమ్మ మళ్లీ. విప్పింది తిరిగి ఫ్రీజర్‌లో పెట్టొద్దు. అరకు గింజలైనా చిక్కమగళూరు గింజలైనా ఇదే పద్ధతి.